తీసింది తీసినట్టు

"వాన సీన్లో నా ఆరు నిమిషాల షాటేదీ?"

దర్శకుడు ఎడిటింగ్ గదిలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. వరసగా మూడు హిట్లు కొట్టినవాడు ఆ చీకటి కొట్లోకి ఎందుకొస్తాడు? తీసి పంపిస్తే చాలు, సినిమా తయారై వచ్చేది. ఈసారి ఎందుకో మనసు కీడు శంకించి, చెప్పాపెట్టకుండా ఊడిపడ్డాడు.

తెర ముందు స్వెటర్ వేసుకున్న ఒకావిడ కూర్చుని ఉంది.

"తీసేశానండీ. హీరో ఏడవబోతున్నాడని తెలిశాక ఏడుపు చూపించక్కర్లేదు."

"ఎవరీవిడ?" అన్నాడు వెంట వచ్చిన మేనేజర్‌తో.

"ఎడిటర్ గారి అసిస్టెంటండీ."

దర్శకుడికి ఒళ్ళు మండింది.

"సినిమా ఎవరిదమ్మా?"

"మీదేనండీ."

"అయితే నేను తీసింది తీసినట్టు పెట్టు. నీ తెలివితేటలు ఒక్క ముక్క కూడా కనపడకూడదు. పెట్టేసి ఇంటికెళ్ళు. మళ్ళీ రాకు."

ఆవిడ చూపులో కోపం లేదు, జాలి ఉంది.

"ఇంకోసారి ఆలోచించుకోండి బాబూ."

"చెప్పింది చెయ్!"

రెండు రోజుల్లో చెప్పింది చెప్పినట్టు చేసి వెళ్ళిపోయింది.

విడుదలకు ముందు రోజు మధ్యాహ్నం ప్రివ్యూ వేశారు. సినిమా అప్పటికే ఊరూరా థియేటర్లకు చేరిపోయింది.

పది నిమిషాలకు ఎవరో ఆవలించారు. అరగంటకు నవ్వారు, తల్లి చనిపోయే సీన్లో. తర్వాత దగ్గు కూడా వినపడలేదు. దర్శకుడు తెరకేసి చూశాడు. ప్రతి షాటూ తను తీసిందే. అయినా తెర మీద ప్రాణం లేదు.

నిర్మాత మెల్లగా అతని వైపు వంగాడు.

"నిజం చెప్పండి. ఇది మీరే తీశారా?"

దర్శకుడు బయటికి పరుగెత్తి మేనేజర్ని పట్టుకున్నాడు.

"ఎడిటర్ని పిలు. పాత మూడింటికీ ఏం చేశాడో దీనికీ అదే చెయ్యమను!"

మేనేజర్ గొంతు తగ్గించాడు.

"ఆయన పేరుకేనండీ. ఆ మూడింటికీ గది గడప కూడా తొక్కలేదు. మీరు పంపిన కుప్పలోంచి కథ ఏరుకుంది ఆవిడే. మీరు రాసుకున్న కథ వేరు, జనం చూసింది వేరు."

"అయితే ఆవిణ్ణే పిలిపించు!"

"ఎక్కడుంటుందో తెలీదండీ. అందరం అక్కయ్యా అనేవాళ్ళం. టైటిల్స్‌లో పేరు వేద్దామంటే అసిస్టెంట్లకి ఎందుకని మీరే కొట్టేశారు. ఇంతకీ ఏం పేరండీ?"

దర్శకుడు నోరు తెరిచాడు.

తన మూడు సినిమాలూ తీసిన మనిషి పేరు అతనికి తెలియదు.