గీతలో వదిలిన సందు

"అమ్మా, ఆ కుండ ఇటు తిప్పు."

ఫోన్ తెర మీద ఈషా గొంతు సన్నగా, సగం గాలితో వినబడింది. గొంతులోంచి గొట్టం తీశాక కూతురి మాట వినడం హైమావతికి ఇదే మొదటిసారి. జర్మనీలోని ఆ డార్మ్‌స్టాట్ ఆస్పత్రిలోకి కరోనా రోజుల్లో ఇంటివాళ్లను రానివ్వడం లేదు. చూపులన్నీ వీడియోలోనే.

"కుండ ఎక్కడికి పోతుందే! ముందు నీ సంగతి చెప్పు. ఆయాసం తగ్గిందా? బుగ్గ మీద ఆ ఎరుపేంటి? దద్దురా? నర్సుకి చూపించావా?"

"మాస్కు ఒత్తుకున్న గుర్తమ్మా. కుండ తిప్పు."

హైమావతి కుండకు అడ్డంగా జరిగింది. పక్కనున్న అల్లుడు విక్రాంత్ చెయ్యి చాపి దాన్ని తెర ముందుకు లాగాడు.

అమెరికాలో జూనీ అనే ఆదివాసుల నీళ్లకుండకు అది నకలు. యూనివర్సిటీ సెమినార్ కోసం ఈషా తన చేత్తో రంగులు వేసింది. తెల్లటి ఒంటి మీద తూనీగలు, జింకలు. ప్రతి జింకకూ నోటి నుంచి గుండె దాకా దిగిన ఎర్ర బాణం. అది దాని ఊపిరట. కుండ మెడ చుట్టూ నల్లటి గీత.

"గీత కలిసిపోయిందేంటి? అక్కడ సందు ఉండాలి. కావాలనే వదిలాను."

హైమావతి కొంగు సర్దుకుంది. "దుమ్ము తుడుస్తుంటే కనపడిందే. జ్వరంలో మర్చిపోయావేమో, మార్కులు తగ్గిస్తారేమో అని నీ కుంచెతో నేనే..."

"ఎప్పుడు?"

"నిన్ను ఐసీయూకి మార్చారని విక్రాంత్ బాబు చెప్పిన రోజు. చేతులు ఊరుకోలేదు."

విక్రాంత్ నవ్వాడు. "మీ అమ్మ ముగ్గనుకున్నట్టుంది. గీత కలవకపోతే ఆవిడకి నిద్ర పట్టదుగా."

"నవ్వకు. అమ్మా, సెమినార్‌లో చెప్పాల్సిందంతా వంటింట్లో నీ దగ్గరే కదా చెప్పి చూసుకున్నాను?"

"కుక్కర్ కూతల్లో నాకేం వినపడింది? అందులో సగం ఇంగ్లీషాయె."

ఈషా ఊపిరి కోసం ఆగింది. ఆ కాస్త నిశ్శబ్దానికే హైమావతి తెర మీదికి వంగిపోయింది. "పిలువు తల్లీ, నర్సుని పిలువు!"

"ఏం లేదమ్మా. విను. ఆ గీత, గీసే మనిషి బతుకు బాట అంటారు వాళ్లు. బతికున్నన్నాళ్లూ కొంచెం తెరిచే ఉంచుతారు. మూస్తే, మూసిన చేతి ఆయుష్షు అక్కడితో సరి. విక్రాంత్, చాకు తీసుకుని ఆ ముక్క గోకెయ్."

విక్రాంత్ సొరుగు లాగి చాకు తీశాడు. హైమావతి గబుక్కున కుండను ఒళ్లోకి తీసుకుని కొంగు కప్పింది.

"వద్దు బాబూ. పెచ్చు లేస్తుంది."

"కొంచెమే కదా అత్తయ్యా."

"పగిలితే? పిల్ల అక్కడ మంచం మీద ఉండగా ఇక్కడ కుండ పగిలితే ఇంకేమైనా ఉందా? దాన్ని ఇంటికి రానీ. తర్వాత నీ ఇష్టం. దణ్ణం పెడతాను, దాని జోలికి పోకు."

"ఇలాంటివి నేను నమ్మను కానీ," అంది ఈషా, "నీ విషయంలో భయంగా ఉందమ్మా. ముగ్గుల చాదస్తంతో నీ బాట నువ్వే మూసుకున్నావు."

"నాదే కదా? నీది కాదుగా?"

"నాదెందుకవుతుంది? మూసింది నువ్వు."

"సర్లే. మాట్లాడి అలిసిపోకు. ఇవాళ సూపయినా తాగావా?"

ఇంతలో నర్సు వచ్చింది. ఫోన్ ఆగిపోయింది. కుండను గట్టిగా హత్తుకుని కూర్చున్న అత్తగారిని చూస్తే విక్రాంత్‌కు జాలేసింది. చాకు సొరుగులో పెట్టేశాడు.

"బాధపడకండి అత్తయ్యా. తెలియక కలిపారు, అంతేగా."

ఆమె తెలిసే కలిపింది, కూతురి ప్రాణానికి బదులు తన ప్రాణం ఇచ్చుకుంటూ.