పొగ తగ్గించే సంఘం

అడవిలో పొగ ఎక్కువైందని నక్క ఒక సంఘం పెట్టింది. సంఘమన్నాక కొత్త భవనం లేకపోతే పరువేముంటుంది? నిక్షేపంగా ఉన్న గుహను కూల్చేసి, చెట్లు కొట్టి, ఇటుక బట్టీ పెట్టారు. భవనం లేచినా, ప్రహరీ గోడకు కావాలంటూ బట్టీ ఆర్పలేదు.

"పాత గుహకేం రోగం, నక్క బావా?" అంది చెరువు గట్టు మీది కొంగ.

"ఎక్కువ మాట్లాడకు. గృహప్రవేశానికి రా, పాయసం పెడతాం."

బట్టీ మీదుగా ఎగిరొచ్చేసరికి కొంగ తెల్లటి ఒళ్లంతా మసైపోయింది.

పాలు పొంగాయి. నక్క కుర్చీ ఎక్కి మొదటి తీర్పు చెప్పింది. "పొగ పెడుతున్నది ఈ కొంగే. ఒంటినిండా మసి, ఇంకేం సాక్ష్యం కావాలి? వెలేస్తున్నాం!"

సభ్యులు చప్పట్లు కొట్టారు.

కొంగ ఒక్కసారి రెక్కలు విదిల్చింది. నక్కతో సహా అందరూ నల్లబడ్డారు.

"ఇప్పుడు చెప్పు బావా, ఎవరెవర్ని వెలేద్దాం?"