ముప్ఫై రెండో అరుపు

"అరుపు మాత్రం వద్దే తల్లీ. మిగతాదంతా నీ ఇష్టం."

కుట్టుమిషను తొక్కుతూనే అంది తల్లి. కూతురు గిటారు ఒళ్లో పెట్టుకుని నేలమీద చతికిలబడింది.

"అరుపు లేకపోతే ఇంకేముందమ్మా అందులో? ఉప్పులేని కూర!"

ఎవరో నలుగురు కుర్రాళ్లు ఒక షెడ్డులో, బ్యాటరీ టేపురికార్డరు ముందు పెట్టుకుని వాయించిన గ్యారేజీ రాక్ పాట అది. పేర్లు లేవు. వాళ్లు చేసింది ఆ ఒక్కటే. రెండు నిమిషాలు హోరెత్తించి, చరణం మధ్యలో టక్కున ఆగిపోతుంది. పంతొమ్మిది సెకన్లు ఏవో గుసగుసలు, ఎవరిదో నవ్వు. ఆపైన గాయకుడి గొంతు చీల్చుకుని ఒక్క అరుపు. అంతే.

ఏళ్ల తర్వాత ఆ టేపు ఎవరో నెట్‌లో పెట్టారు. పిడికెడు మందికి పిచ్చి పట్టింది. ఎక్కడెక్కడివాళ్లో మళ్లీ పాడారు. ఆ కవర్ పాటలన్నీ తల్లి ఫోనులో ఉన్నాయి. ముప్ఫై ఒకటి. కొత్తది వచ్చిందంటే చేతిలో గుడ్డ చేతిలోనే ఉండేది, ఊపిరి బిగబట్టి చివరిదాకా వినేది. ఒక్కరైనా అరవకుండా పాట పూర్తి చేస్తారేమోనని ఆశ. ఒక్కరూ చెయ్యలేదు. అరుపే ఆ పాటకు ప్రాణమట.

"ఈ వయసులో మీ అమ్మకీ గోలేమిటే అని పక్కింటి అత్త ఒకటే నవ్వు."

"నవ్విన నాపచేనే పండుతుందిలే. నువ్వు ఆగకుండా ఆ చరణం పూర్తిచెయ్యి. పదాలు నేను చెబుతా."

"నీకెలా తెలుసు?"

"కుట్టుకుంటూ అల్లుకున్నా."

"అబ్బో, కవయిత్రివే! సరే, అరవను. ఒట్టు."

పిల్ల మొదలుపెట్టింది. రెండు నిమిషాలు గోడలు అదిరాయి. చరణం మధ్యకొచ్చింది. తల్లి మిషను ఆపి, తర్వాతి మాట అందించడానికి నోరు తెరిచింది.

పిల్ల కొంటెగా చూసి, వేలు పెదవులమీద పెట్టుకుంది. మనసులో అంకెలు లెక్కపెట్టుకుంది. అరిచింది.

ముప్ఫై ఒక్కమందిలో ఎవరికీ రాని అరుపు. అదే జీర, అదే విరుపు.

"అచ్చు అలాగే వచ్చింది కదూ! ఎక్కడ నేర్చుకున్నానో నాకే తెలీదు!"

"అచ్చు అలాగే," అంది తల్లి.

ఆ టేపు తిరుగుతున్న వేళ ఈ పిల్లే ఉయ్యాల్లో ఉక్కకు గుక్కపట్టి ఏడుస్తుంటే, కరెంటు పోయిన పెరటి షెడ్డులో మొగుడు పాడటం ఆపి తెగిన కరెంటు తీగ చేత్తో ముడేస్తున్నాడని తెలియక, ఫ్యాను తిరగాలని ఇంట్లో కిందికి పడిపోయిన మెయిన్ స్విచ్ పైకి నెట్టింది ఆమే.