సూరమ్మగారి కన్నీళ్ళు

వేణ్ణీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో వచ్చిన కోడలు జాస్మిన్ చేతిని సూరమ్మ పక్కకి నెట్టేసింది.

"రేపు ఆదివారం. ఇవాళ వద్దు."

"పోయిన శనివారమూ ఇదే మాటన్నారు అత్తయ్యగారూ. రెప్పల అంచున జిడ్డు పేరుకుని వాచిపోయేయి. అందుకే ఆ ఎరుపు, ఆ నీళ్ళూను. రోజూ కాపడం పెట్టి తుడవాలని డాక్టరుగారు చెప్పేరు కదండీ? మానేస్తే మళ్ళీ మొదటికొస్తుంది."

"నీ నర్సు చదువు ఆసుపత్రిలో చూపించు. తడిగుడ్డకి కూడా చదువొకటి!"

ఈ మొద్దు బుర్రకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదనుకుంది జాస్మిన్. "పోయిన నెల పది రోజులు వరసగా పెట్టేను. తగ్గిందా లేదా?"

"తగ్గింది! కళ్ళు తెల్లగా పెట్టుకుని చర్చికెళ్ళేను. పాస్టరుగారు అందరి ముందూ ప్రార్థన చెయ్యమని నన్ను లేపనేలేదు. శారోన్ వాళ్ళమ్మని లేపేరు. పన్నెండేళ్ళుగా కన్నీళ్ళతో ప్రార్థించే మనిషంటే ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే."

జాస్మిన్ అత్తగారి మొహంలోకి చూసింది. బుర్రకి ఎక్కకపోవడం కాదిది. అంతా ఎక్కింది.

గుడ్డని గిన్నెలో పడేసింది. "ఆయ్, అలాగేనండి. రేపు దేనికోసం ప్రార్థన?"

"రోగుల స్వస్థత కోసం," అంది సూరమ్మ, రెండు రెప్పలూ గట్టిగా నలుపుకుంటూ.