వంటింట్లో కత్తి చప్పుడు

ఏ కాలంలో చుట్టుపక్కల తోటల్లో ఏది కాస్తే అదే వండిపెట్టే ఆ చిన్న హోటల్లో, ఆ రాత్రి దర్జీ ఒక్కడే భోంచేస్తున్నాడు. వీధిలో అతన్ని వసపిట్ట అంటారు. గుమ్మడికాయ కూర కమ్మగా కుదిరింది. యజమాని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. వంటింట్లో కత్తి టకటకా ఆడుతూనే ఉంది.

“వంటకి కొత్తగా ఎవరినైనా పెట్టావా అన్నా?”

“ఎవర్నీ పెట్టలేదు తమ్ముడూ. చీకటి పడ్డాక నేనూ అటు వెళ్ళను. కూరగాయలు గుమ్మం దగ్గర పెడతాను, అంతే.”

దర్జీ చేతిలో ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. ఇద్దరూ మాట్లాడలేదు. లోపల కత్తి కూడా ఆగింది. అడుగుల చప్పుడు గుమ్మం వైపు వచ్చింది.

“ఏదో ఒకటి మాట్లాడు,” అన్నాడు యజమాని గొంతు తగ్గించి. “మాటలు వినబడుతుంటే బయటికి రాదు.”

దర్జీ తన అల్లుడి మొండితనం గురించి చెప్పడం మొదలుపెట్టాడు. అడుగులు వెనక్కి మళ్ళాయి. కత్తి మళ్ళీ ఆడింది. యజమాని ఊపిరి పీల్చుకుని లేచాడు.

“కంటినిండా నిద్రపోయి చాన్నాళ్ళయింది తమ్ముడూ. తెల్లారగానే వస్తాను.”

బయట షట్టరు దిగింది. తాళం పడింది. అల్లుడి సంగతులు అయిపోయాయి. దర్జీ గుటక మింగేంతలో లోపల ఒక అడుగు పడింది. వెంటనే వియ్యంకుడి సంగతి ఎత్తుకున్నాడు.