దంపుడు పాటలామె

“గామె పేరేంది? ముందుగాల గది చెప్పు!”

లింగమూర్తి పుస్తకాన్ని బల్లమీద విసిరికొట్టాడు. ధర్మపురి నుంచి పొద్దున్నే బస్సెక్కి కరీంనగర్ వచ్చింది ఈ ఒక్క మాట కోసమే. ఎదురుగా కూర్చున్న రామచంద్రం కాలేజీలో తెలుగు చెబుతాడు. దంపుడు పాటల మీద రాసిన ఆ పుస్తకానికే పోయిన నెల డాక్టరేట్ వచ్చింది. ఇక చూడాలి, శాలువాలే శాలువాలు! లింగమూర్తికి కడుపు భగ్గున మండుతోంది. మండదా మరి? అవే పాటల కోసం బడికి సెలవులు పెట్టి, సైకిల్ మీద మందమర్రి దాకా పదేళ్లు తిరిగినవాడు తను. దొరికినవి నలభై. వీడికేమో రెండు వందలు, అవీ ధర్మపురిలోనే, ఒక్క ఆడమనిషి నోట! ఆమె దొరక్కపోతే తన పరిశోధన గంగలో కలిసినట్టే. వచ్చే నెలతో గడువు సరి.

“పేరు చెప్పనని ఒట్టు పెట్టిన,” అన్నాడు రామచంద్రం. “మా అక్కోలింట్ల పెండ్లికి పసుపు దంచ వచ్చి పాడింది. ఇంక ఇడిచిపెడ్తనా? వారం వారం అక్కడికే పిలిపించి రాసుకున్న.”

“మా ఊర్ల వడి దోచుకున్నవన్నట్టు!”

“దోచుకునుడేంది? నువ్వెన్నడన్న అడిగినవా గామెను?”

“నేనెక్కని గడప లేదు ఆ ఊర్ల! సరే గని, ఒట్టెందుకు?”

“ఇంటాయనకు తెలువద్దట. ఇంట్ల ఒక్క చరణం అందుకుంటే చాలు, ‘నా చదువు చెడగొడ్తున్నవ్, నోర్ముయ్’ అంటడట.”

లింగమూర్తి పళ్లు పటపట కొరికాడు. “ఎవడా మూర్ఖుడు? బంగారమసోంటి మనిషిని ఇంట్ల పెట్టుకొని! వాని పేరన్న చెప్పు, వానితోనే మాట్లాడ్త.”

“నేను సుత అడిగిన. పెనిమిటి పేరు నోటితోని చెప్తదా ఏంది? సిగ్గుపడుకుంట పొడుపుకథ ఏసింది.”

“గదన్న చెప్పు మరి!”

రామచంద్రం నవ్వు ఆపుకున్నాడు. “దానికైతే ఒట్టు లేదు. ‘శివుని గుళ్లె పానవట్టం మీదుండేది ముందల పెట్టు, ఉత్సవంల పల్లకిల ఊరేగేది ఎనుక పెట్టు, గదే మా ఆయన పేరు’ అన్నది. నేను గప్పుడే విప్పిన. ఇగ నువ్వు విప్పు, లింగమూర్తీ!”