మీటరాయన నవల

"విడాకులు కావాలి మేడమ్," అంటూ ఆమె లాయరమ్మ బల్ల మీద ఒక పుస్తకం పడేసింది.

పక్క కుర్చీలో మొగుడు బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు. ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం అతనిది. వీధి మొత్తానికి మీటరాయన.

"తాగుతాడా? కొడతాడా?" లాయరమ్మ పెన్ను తీసింది.

"నవల రాశాడు."

పెన్ను ఆగిపోయింది.

ఐదేళ్లు మేడ మీద గదిలో కూర్చుని రాశాడు. కరెంటు బిల్లు తప్ప ఏమీ రాయడం చేతకాని మనిషని ఆమె నమ్మకం. నిన్న పొద్దున పుస్తకం అచ్చయి ఇంటికొచ్చింది. తప్పులన్నీ గీసి మొహాన కొడదామని ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుంది. మొదటి పేజీలోనే ఒక అచ్చుతప్పు దొరికింది. ప్రాణం లేచొచ్చింది.

మూడో పేజీలో వాళ్ల వీధి టైలర్ నోట్లో సూది పెట్టుకుని మరీ పోట్లాడుతున్నాడు. ఆమె ఫక్కున నవ్వింది. వెంటనే మొగుడు విన్నాడేమోనని చుట్టూ చూసుకుంది. ఆ తర్వాత ఎర్ర పెన్ను ఎక్కడ పెట్టిందో ఆమెకే తెలియదు. పొయ్యి మీద పాలు పొంగాయి, ఇగిరాయి, గిన్నె మాడింది. లేవలేదు. కొన్ని వాక్యాలు పైకి చదువుకుంది, నోటికి బాగున్నాయని మళ్లీ చదువుకుంది. అయిపోతోందే అన్న దిగులుతో చివరి ఇరవై పేజీలూ గుక్కగుక్కగా తాగింది.

అయిపోయాక పుస్తకాన్ని గోడకేసి కొట్టింది.

ఇప్పుడు లాయరమ్మ కూడా పేజీలు తిప్పుతూ నవ్వు దాచుకుంటోంది. "బాగానే రాశావయ్యా."

"ఆ మాట ఈవిడని చెప్పమనండి," అన్నాడు మీటరాయన. "నిన్నట్నుంచి అడుగుతున్నాను. గిన్నెలు విసరడమే గానీ జవాబు లేదు."

"బాగుంది," ఆమె పళ్లు నూరింది. "ఇంత బాగుంటుందనుకోలేదు. అదే నా కడుపుమంట."

"అంతా కల్పితం మేడమ్..."

"ఏది కల్పితం? ఆ విరిగిన మెట్టు మనది కాదూ? ఆ కారే కుళాయి మనది కాదూ?"

లాయరమ్మ వేలు ఒక పేజీ దగ్గర ఆగింది. అందులో ఒక గయ్యాళి తడిబట్టతో మొగుణ్ణి వీధి చివరిదాకా తరుముతోంది. లాయరమ్మ కళ్లజోడు మీదుగా ఆమెను జాలిగా చూసింది. పుస్తకం మూసేసింది.

"ఏమయ్యా, కట్టుకున్నదాన్ని ఇలా నవ్వులపాలు చేస్తావా? విడాకులొక్కటే కాదమ్మా, పరువునష్టం కూడా వేద్దాం."

మీటరాయన ఏదో చెప్పబోయాడు. భార్య చెయ్యెత్తి ఆపింది.

"ఆ గయ్యాళి మా ఎదురింటావిడ మేడమ్," అంది ఆమె, "మా వీధిలో కుంటికుక్కక్కూడా రెండు పేజీలిచ్చాడు, నేను మాత్రం ఏ పేజీలోనూ లేను."